కొత్త 5.1 రిసీవర్ పెట్టించాం, సినిమా మాత్రం ముందు రెండు స్పీకర్లలోనే వస్తోంది. ఏం చేయాలి?

ఒంగోలు_కుర్రాడు:
అందరికీ నమస్తే. ఒంగోలులో కొత్తగా కట్టుకున్న ఇంట్లో హాలుకని 5.1 (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక వూఫర్) రిసీవర్, స్పీకర్ల సెట్టు తీసుకున్నాం. ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో పైపులు వేయించి వెనక స్పీకర్లకు వైరు లాగించాను కాబట్టి ఆ పని తేలిగ్గానే అయిపోయింది. షాపు కుర్రాళ్లు వచ్చి అన్నీ తగిలించి, ఫోన్‌లోంచి బ్లూటూత్‌లో ఒక పాట పెట్టి, ఐదు స్పీకర్లూ మోగేసరికి "చూశారా సార్, సరౌండ్" అని టీ తాగి వెళ్లిపోయారు.

రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని టీవీలోని ప్రైమ్ యాప్‌లో సినిమా పెడితే వెనక స్పీకర్లు కిక్కురుమనలేదు, మధ్యలోది కూడా అంతే. రిమోట్‌లో ఏదో మోడ్ నొక్కితే ఐదింట్లోనూ ఒకటే శబ్దం వస్తోంది, ఊళ్లో పందిరికి కట్టిన మైకుల్లాగా. మాటలు వినపడాలని సౌండ్ పెంచితే ఫైటు రాగానే అమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది. పైగా వూఫర్ ఊరికే ఉన్నా సన్నగా గుయ్యిమంటోంది, ఒక రాత్రి సినిమా మధ్యలో రిసీవరే ఆగిపోయి డిస్‌ప్లే మీద ప్రొటెక్ట్ అని పడింది. సెటప్ మెనూలో టెస్ట్ టోన్ పెడితే మాత్రం అన్ని స్పీకర్లలోంచీ వరసగా శబ్దం వస్తోంది. షాపుకి ఫోన్ చేస్తే ఒకాయన "ఆ సినిమాలోనే సరౌండ్ లేదు సార్" అంటాడు, ఇంకొకాయన నాలుగు వేలు పెట్టి మంచి హెచ్‌డీఎంఐ వైరు కొనమంటాడు. కొనాలా?

హాలు 18 అడుగులు బై 13. చీమకుర్తి పక్కనే కాబట్టి కింద అంతా బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ వేయించాం. రిసీవర్ టీవీ కింద అద్దాల తలుపులున్న చెక్క యూనిట్‌లో ఉంది.

సింహపురి_సౌండ్:
తమ్ముడూ, ఆ నాలుగు వేలు జేబులోనే పెట్టుకో. టెస్ట్ టోన్ అన్నింట్లోంచీ వరసగా వస్తోందంటే స్పీకర్లూ వైరింగూ బాగున్నట్టే, రిసీవర్ కూడా బాగున్నట్టే. దానికి టీవీ నుంచి అందుతున్నదే రెండు చానళ్ల సౌండు, ఇక ఐదు చానళ్లు అది ఎక్కణ్నుంచి తెస్తుంది? నమ్మకం లేకపోతే సినిమా ఆడుతుండగా రిసీవర్ రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కి చూడు, పీసీఎం 2.0 లాంటిదేదో కనపడుతుంది, అంటే రెండు చానళ్ల మామూలు సౌండు. కనపడాల్సింది డాల్బీ డిజిటల్ ప్లస్ అని, అంటే 5.1 చానళ్లూ కుదించి పంపే రకం.

ముందు వైరు ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోందో చూడు. టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా ఏఆర్‌సీ అని రాసి ఉండేది ఒక్కదానికే. ఆ వైరు రెండో కొస రిసీవర్ వెనకాల 'అవుట్' అని ఉన్నదాంట్లోకి పోవాలి. సౌండు టీవీ నుంచి రిసీవర్‌లోకి 'వస్తుంది' కదా అని చాలామంది 'ఇన్' లో గుచ్చుతారు, ఏఆర్‌సీ అంటేనే సౌండు వెనక్కి తిరిగి రావడం, కాబట్టి అవుట్‌లోనే పెట్టాలి. తర్వాత టీవీలో సీఈసీ ఆన్ చెయ్యి, టీవీ, రిసీవర్ హెచ్‌డీఎంఐ వైరు మీదే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టి మనల్ని చంపుతుంది, సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. రిసీవర్ మెనూలో కూడా ఏఆర్‌సీ, సీఈసీ రెండూ ఆన్‌లో ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అని ఉంటుంది. అది పీసీఎంలో ఉంటే ఏఆర్‌సీ మీద రెండు చానళ్లే పోతాయి. దాన్ని ఆటో అనో, పాస్ త్రూ అనో, బిట్‌స్ట్రీమ్ అనో ఏది ఉంటే దానికి మార్చు. వైరు గొడవ అంటావా, ఏఆర్‌సీ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, దానికి మామూలు వైరు చాలు. ఈఏఆర్‌సీ తర్వాత 2.1తో వచ్చింది, బ్లూరే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ లాంటి పెద్ద సౌండ్ ట్రాకుల కోసం. ఓటీటీ యాప్‌లు ఇచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్, అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినపడేలా చేసే రకం) ఉన్నా దాంట్లోనే కలిసి వస్తుంది, అది పాత ఏఆర్‌సీ మీద కూడా పోతుంది. ఆప్టికల్ వైరు జోలికి మాత్రం పోవద్దు, దాంట్లో ప్లస్ పోదు.

ఇవన్నీ చేశాక కూడా యాప్ లోపల ఆడియోలో తెలుగు ట్రాకు 5.1 ఉందో లేదో చూసుకో, కొన్ని పాత సినిమాలకు స్టీరియో ఒక్కటే ఉంటుంది. ఆ షాపాయన చెప్పింది వాటి మట్టుకు నిజమే. పెన్‌డ్రైవ్‌లో సినిమాలు చూసే అలవాటుంటే ఇంకో మాట, సామ్‌సంగ్ వాళ్లు 2018 మోడళ్ల నుంచి టీవీల్లో డీటీఎస్ (డాల్బీ లాంటిదే ఇంకో సౌండ్ రకం) తీసేశారు, ఆ ట్రాకున్న ఫైలు పెట్టి సౌండ్ రాలేదని రిసీవర్‌ని తిట్టుకోవద్దు.

కావలి_కరెంటోడు:
సౌండు సంగతి అన్న చెప్పాడు. నేను ఆ గుయ్యిమనే మోత, ఆగిపోవడం గురించి చెప్తా.

వూఫర్‌కి వచ్చే ఆర్‌సీఏ వైరు ఊడదీసి చూడండి. మోత అలాగే ఉంటే తేడా వూఫర్‌లోనో దాని కరెంటు లైన్‌లోనో ఉంది. ఆగిపోతే వైరు పాడై ఉండాలి, లేదా గ్రౌండ్ లూప్, అంటే సామాన్లు ఎర్త్‌కి ఒకటికి మించిన దారుల్లో కలిసి మోత రావడం. అప్పుడు సెట్ టాప్ బాక్సుకి డిష్ నుంచి వచ్చే కేబుల్ పీకి చూడండి, ఎక్కువగా దొంగ అక్కడే దొరుకుతాడు. టీవీ, రిసీవర్, వూఫర్ మూడూ ఒకే ప్లగ్గు నుంచి వచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. మోత పోవాలని మూడో పిన్ను విరగ్గొట్టే మేధావులున్నారు, ఆ పని మాత్రం చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. ఇంకోటి, మన వైపు మే నెలలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసి మూసేసి మళ్లీ ఎవరూ దాని మొహం చూడరు. ఓ రెండు బిందెల నీళ్లు పోసి చూడండి.

ప్రొటెక్ట్ అని పడిందంటే రెండే అనుమానాలు. ఒకటి వేడి. ఈ ఎండల్లో అద్దాల తలుపులు మూసి లోపల యాంప్ పెడితే అది ఉడికిపోతుంది. తలుపులు తీసి ఉంచండి, పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి, దాని నెత్తిన సెట్ టాప్ బాక్సు పెట్టకూడదు. రెండోది వైరు కొసలు. స్పీకర్ వైరులో సన్న పోగులుంటాయి కదా, ప్లస్ లోంచి ఒక్క పోగు బయటికొచ్చి పక్కన మైనస్‌కి తగిలినా సెట్టు తనను తాను ఆపేసుకుంటుంది. ప్లగ్గు తీసేసి, పోగులు గట్టిగా మెలేసి మళ్లీ బిగించండి, బనానా ప్లగ్గులు వేస్తే ఇంకా మంచిది. పనిలో పనిగా కొసని బ్లేడుతో గీకి చూడండి, రాగి కింద తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటిది వెనక స్పీకర్ల దాకా అంత దూరం లాగడం నాకు నచ్చదు, సముద్రపు గాలికి కొసలు తొందరగా పాడవుతాయి కూడా. 1.5 ఎంఎం రాగి వైరు మీ హాలుకి సరిపోతుంది.

బార్_బాబాయ్:
ఓటీటీ చూసుకునేవాళ్లకి ఇంత యాతన ఎందుకు బ్రో? ఉన్నది అమ్మేసి మంచి సౌండ్‌బార్ తెచ్చుకో, ఒక్క వైరు, ఒక్క రిమోట్, మీ అమ్మగారు కూడా ఆన్ చేసుకోగలరు.

సింహపురి_సౌండ్:
అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి నేనూ అదే చెప్తా బాబాయ్. గోడల్లో పైపులు వేయించుకుని వైరు లాగినోడికి చెప్పే మాట కాదది. సౌండ్‌బార్‌కైనా ఈ పీసీఎం తిప్పలు తప్పవు, అదీ ఏఆర్‌సీ మీదే నడిచేది.

ఒంగోలు_కుర్రాడు:
అన్నలూ, వచ్చేసింది! టీవీలో పీసీఎం అనే ఉంది, పాస్ త్రూ పెట్టగానే డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ ప్లస్ అని పడింది. వాన సీనులో వెనకనుంచి చినుకులు వినపడితే నాన్న లేచి వెళ్లి కిటికీ తలుపు వేయబోయాడు. మోత డిష్ కేబుల్‌దే, అది పీకితే పోయింది, దాన్నిక అలాగే వదిలేశా, మాకు యాప్‌లు చాలు. యూనిట్ అద్దాలు కూడా తీయించేశా.

కానీ మాటలు ఇంకా స్పష్టంగా లేవు. ఇప్పుడు సెంటర్ స్పీకర్లోంచే వస్తున్నాయి గానీ మాట చివర సాగినట్టు, బావిలోంచి వచ్చినట్టు ఉంటోంది. మైకు పెట్టి ఆటో సెటప్ కూడా చేశా, పెద్దగా తేడా లేదు.

సింహపురి_సౌండ్:
హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు. టంగుమని సాగిందంటే తప్పు నీ గ్రానైట్‌ది. కింద రాయి, చుట్టూ నున్నటి గోడలు, మీద శ్లాబు, సౌండ్ ఎక్కడా ఇంకదు. మైకు సెటప్ అనేది ఏ స్పీకర్ ఎంత దూరం, ఎంత సౌండు, ఎక్కడ బేస్ ఎక్కువైంది అని లెక్క చూసి సరిచేస్తుంది, అంతేగానీ గది ప్రతిధ్వనిని అది ఆపలేదు. డబ్బు పెట్టే ముందు ఒక పని చెయ్యి, ఇంట్లో ఉన్న బొంతలు, పరుపులు తెచ్చి సోఫాకీ టీవీకీ మధ్య పరిచి అదే సీను మళ్లీ విను. తేడా నీకే తెలుస్తుంది, అప్పుడు మందపాటి కార్పెట్, బరువైన కర్టెన్లు కొనుక్కో. నా దృష్టిలో ఆ కార్పెట్ డబ్బులు ఇంకో పెద్ద రిసీవర్ కన్నా ఎక్కువ పని చేస్తాయి.

తర్వాత సెంటర్ స్పీకర్‌ని యూనిట్ అర లోపలికి తోసేయకుండా అంచు దాకా ముందుకు లాగి, కింద చిన్న చెక్క ముక్క పెట్టి మూతి నీ చెవుల వైపు ఎత్తు. అప్పుడు మైకు సెటప్ మళ్లీ చెయ్యి, ఈసారి మైకుని సోఫా మీద పడేయకుండా నీ చెవి ఎత్తులో స్టాండ్ మీద పెట్టి, ఫ్యాను, ఏసీ ఆపేసి, రోడ్డు మీద హారన్లు తగ్గాక. అయిపోయాక మెనూలోకి వెళ్తే ముందు స్పీకర్లకి లార్జ్ అని పెట్టి ఉండొచ్చు, వాటిని స్మాల్ చేసి క్రాసోవర్ (ఏ హద్దు కింద బేస్ వూఫర్‌కి పోవాలో చెప్పేది) 80 హెర్ట్జ్ పెట్టు, వూఫర్ వెనక ఉండే క్రాసోవర్ బిళ్ల ఎక్కువ హెర్ట్జ్ వైపు చివరిదాకా తిప్పు. వూఫర్ దూరం టేపుతో కొలిచినదానికన్నా ఎక్కువ చూపిస్తే కంగారుపడి మార్చకు, దాని లోపలి సర్క్యూట్ వల్ల సౌండు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్ని కూడా దూరంగా లెక్కేస్తుంది. ఇంకా మాటలు తక్కువ అనిపిస్తే సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచుకో. మీ అమ్మ కేకలకి మందు నైట్ మోడ్, అంటే పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న మాటల్ని పెంచుతుంది. సినిమా మజా కొంచెం తగ్గుతుంది, ఇంట్లో శాంతి ఉంటుంది.

ఒంగోలు_కుర్రాడు:
బొంతల ఐడియా అదిరింది అన్నా, మాట ఇప్పుడు ముక్క ముక్కా తెలుస్తోంది, కార్పెట్ చూడ్డానికి వెళ్తున్నాం. ఆఖరిది ఒకటి, వూఫర్ ఇప్పుడు సోఫా వెనక మూలలో ఉంది, బేస్ ఒక్క నోటు మీదే ఊగుతోంది. ఎక్కడ పెట్టాలి?

కావలి_కరెంటోడు:
వూఫర్‌ని ఎత్తి మీరు కూర్చునే చోట సోఫాలో పెట్టండి. బేస్ బాగా ఉన్న పాట పెట్టి, ముందు గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ బేస్ ఊగకుండా గట్టిగా, సమానంగా వినపడితే అక్కడ పెట్టేయండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి. సోఫా కూడా వెనక గోడకి ఆనించి ఉంటే ఒక అడుగు ముందుకి జరపండి.

ఒంగోలు_కుర్రాడు:
పాకాం అన్నా, నేనూ మా తమ్ముడూ. టీవీకి కుడి పక్క కిటికీ కింద బాగుంది. కానీ అక్కడికి వూఫర్ వైరు అందదు, ఏడెనిమిది మీటర్లు కావాలి. పొడుగైతే సౌండ్ తగ్గదా?

కావలి_కరెంటోడు:
ఆ దూరానికి ఏమీ కాదు. షీల్డ్ ఉన్న ఆర్‌సీఏ వైరు ఒకే ముక్కగా తీసుకోండి, రెండు ముక్కలు అతికించొద్దు. కరెంటు వైర్ల పక్కనే జంటగా లాగకండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. లేకపోతే ఆ గుయ్యిమనేది మళ్లీ మొదలవుతుంది.