క్లాసులో బోర్డు మీద తెలుగు అంతా పిచ్చి గీతల్లా వస్తోంది, ఎవరైనా సాయం చేయండి

నీలిసిరా · రాత్రి 9:40
అందరికీ నమస్తే. సాయంత్రం నాలుగున్నర నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. పదో తరగతికి కాంతి వక్రీభవనం పాఠం పీపీటీ చేశాను. రెండు ఆదివారాలు కూర్చుని, కిరణాల బొమ్మలన్నీ నేనే గీసుకున్నాను. మొత్తం 38 స్లైడ్లు. ఇంట్లో లాప్‌టాప్‌లో చక్కగా కనిపిస్తోంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి స్కూల్లో స్మార్ట్ బోర్డుకు పెడితే బొమ్మలు బాగానే వస్తున్నాయి, తెలుగు మాత్రం ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఆపి మళ్లీ ఆన్ చేశాను. పెన్‌డ్రైవ్ మార్చాను. పక్క గదిలో బోర్డుకు కూడా పెట్టి చూశాను, అదే తీరు. ఎల్లుండి ఆ పాఠం చెప్పాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలో చెప్పండి ప్లీజ్.

గోదారి గట్టు · 9:52
ఏ ఫాంట్?

జడ్పీ మాథ్స్ · 9:58
మేడం, ముందు ఒక చిన్న సవరణ. మీ స్కూల్లో ఉన్నది స్మార్ట్ బోర్డు కాదు, ఐఎఫ్‌పి, అంటే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ అయి ఉంటుంది. స్మార్ట్ బోర్డు అంటే తెల్ల బోర్డు మీదికి ప్రొజెక్టర్‌తో బొమ్మ వేసేది. దానికి లాప్‌టాప్ తగిలించకపోతే ఏమీ రాదు. ఐఎఫ్‌పి అంటే ప్యానెల్ లోపలే ఆండ్రాయిడ్ ఉంటుంది. ఏపీలో నాడు-నేడు పథకం కింద బాగుచేసిన హైస్కూళ్లకు వచ్చినవి ఇవే. ప్రైమరీ బడులకు స్మార్ట్ టీవీలు ఇచ్చారు. మనవాళ్లు మూడింటినీ స్మార్ట్ బోర్డు అనేస్తారు. అందుకే ఏ గ్రూపులో అడిగినా ఒకరి సలహా ఇంకొకరికి పనికిరాదు.

నీలిసిరా · 10:05
పిల్లలు పెద్ద టీవీ అంటారు సార్, నేను స్మార్ట్ బోర్డు అన్నాను. గోడకు బిగించి ఉంది, వేలితో ముట్టుకుంటే పని చేస్తుంది. పేరు ఏదైతేనేం సార్, నా అక్షరాలు రావడం లేదు. ఫాంట్ మామూలు తెలుగు ఫాంటే.

గోదారి గట్టు · 10:06
మామూలు ఫాంట్ అని ఏదీ ఉండదు. పేరు చెప్పండి.

కొత్త చిగురు · 10:11
మా స్కూల్లో ప్యానెల్ ఇలాగే మొరాయిస్తే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. ఒకసారి చేసి చూడండి.

జడ్పీ మాథ్స్ · 10:14
దయచేసి అది మాత్రం చేయకండి. ప్యానెల్‌లో దాచుకున్న పాఠాలన్నీ పోతాయి. ఆఫ్‌లైన్ పాఠాలు మళ్లీ ఎవరు వేసిస్తారు? ఒక్క ఫైలు తెరుచుకోలేదని అంత దూరం వెళ్లకూడదు.

సుద్దముక్క · 10:31
అమ్మా, నేను హెడ్‌మాస్టరుగా రిటైరైనవాణ్ణి. నువ్వు రెండు ఆదివారాలు కూర్చున్నానంటే మనసుకు సంతోషంగా ఉంది. అందుకే ఒక మాట చెబుతాను, కోపగించుకోకు.

1975 ఆగస్టులో సైట్ అని ఒక ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. అందులో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. నేనప్పుడు ఎనిమిదో తరగతి. మా పక్క ఊరి బడి ముందు కోళ్లగూటి వల లాంటి తీగతో చేసిన పది అడుగుల యాంటెన్నా నిలబెట్టారు. పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. ఊరంతా కదిలి వెళ్లేది. ఏడాదికి ఆ గడువు అయిపోయింది, ఉపగ్రహం పక్కకు తప్పుకుంది. తర్వాత బడులకు కనీస వసతులిచ్చే ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం చూశాను, 2004లో శ్రీహరికోట నుంచి చదువుల కోసం ఎడ్యుసాట్ ఉపగ్రహం వెళ్లడమూ చూశాను. వస్తువు వచ్చిన ప్రతిసారీ వచ్చినరోజు కొబ్బరికాయ కొడతారు. అది చెడిపోతే ఎవరిని పిలవాలో మాత్రం ఎవరూ రాసిపెట్టరు.

ఇంకో మాట. 45 నిమిషాల పీరియడ్‌కు 38 స్లైడ్లా? ఒక్కోదానికి నిమిషంపావు కూడా రాదు. పిల్లవాడు నోట్సు రాసుకునేలోపు స్లైడు మారిపోతుంది. నల్లబల్ల మీద మాస్టారి చెయ్యి ఎంత వేగంగా కదులుతుందో పిల్లవాడి పెన్సిలూ అంతే వేగంగా కదులుతుంది. వక్రీభవనానికి ఒక స్టీలు గిన్నె, రూపాయి బిళ్ల, చెంబెడు నీళ్లు చాలు. గిన్నె అడుగున బిళ్ల పెట్టి, అది అంచు చాటుకు పోయేదాకా పిల్లవాణ్ణి వెనక్కి జరిపి నిలబెట్టు. ఇంకొకరు మెల్లగా నీళ్లు పోయాలి. కనపడని బిళ్ల పైకి తేలినట్టు కనిపిస్తుంది. అప్పుడు వాడే అడుగుతాడు ఎందుకని. చేత్తో చూపించలేనిదానికే ఆ ప్యానెల్ వాడు.

నీలిసిరా · 10:44
నమస్కారం మాస్టారు. గిన్నె ప్రయోగం చేయిస్తాను. కానీ పతనకోణం కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే వక్రీభవన కిరణం ఎటు తిరుగుతుందో, సందిగ్ధ కోణం దగ్గర ఏమవుతుందో గిన్నెలో చూపించలేను కదా. వెనక బెంచీ పిల్లలకు నల్లబల్ల మీది కోణాలు కనబడవు కూడా. అందుకే అంత కష్టపడ్డాను. నేను అడిగింది అక్షరాల గురించి.

జడ్పీ మాథ్స్ · 10:50
కోణాలకైతే ఫెట్ వాళ్ల బెండింగ్ లైట్ సిమ్యులేషన్ వాడండి. కొలరాడో యూనివర్సిటీ వాళ్లది, ఉచితం. ఒకే ఫైలుగా డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్లో తెరుచుకుంటుంది. గాలి నుంచి నీటికి, నీటి నుంచి గాజుకు మార్చుకుంటూ పిల్లలే వేలితో లేజర్ తిప్పుతారు. నేను లెక్కలకు జియోజీబ్రా అలాగే వాడతాను. పిల్లవాడి వేలు బోర్డు మీద పడితే ఇక కదలమన్నా కదలడు.

లిపి మిత్ర · 10:58
మేడం, ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే రోగం తెలిసిపోతుంది. బోర్డు మీద కనిపిస్తున్నది ఏమిటి? ఖాళీ డబ్బాలైతే ఫైలు సరిగానే ఉంది, ప్యానెల్‌లో తెలుగు ఫాంట్ లేదు. తెలుగు అక్షరాలే వచ్చి ఒత్తులు, గుణింతాలు విడివిడిగా చుక్కల సున్నాలతో వస్తుంటే, ఆ యాప్‌కు తెలుగు కూర్చడం రాదు. అలా కాకుండా ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు వస్తుంటే మీ ఫైల్లో అసలు తెలుగే లేదు.

నీలిసిరా · 11:03
మూడోదే సార్! ఇంగ్లిష్ అక్షరాలు, మధ్యలో గుర్తులు. కానీ తెలుగే లేదంటారేమిటి, ఇంట్లో కనిపిస్తోంది కదా?

ఒక సంగతి చెప్పడం మర్చిపోయాను. మా ఊళ్లో డీటీపీ షాపులో పరీక్ష పేపర్లు చేయిస్తాం. వాళ్లు టైప్ చేసిన పాత నోట్సు నుంచే చాలావరకు కాపీ చేసి పెట్టాను. నా లాప్‌టాప్‌లో కనిపించకపోతే షాపతనే వాళ్ల ఫాంట్లు వేసిచ్చాడు.

గోదారి గట్టు · 11:04
గంటంపావుగా అడుగుతున్నది అదే.
పీడీఎఫ్ చేసి పట్టుకెళ్లండి.

లిపి మిత్ర · 11:17
పీడీఎఫ్‌తో ఎల్లుండి గండం గట్టెక్కుతుంది, నిజమే. కానీ కారణం తెలుసుకోండి, లేకపోతే వచ్చే పాఠానికి మళ్లీ ఇదే.

పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో తెలుగు బొమ్మలు పెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఉన్నది ఇంగ్లిష్ అక్షరమే, పైన తెలుగు ముసుగు కప్పారు. ఫాంట్ ఉన్న చోట తెలుగులా కనిపిస్తుంది, లేని చోట ముసుగు జారిపోతుంది. మీ లాప్‌టాప్‌లో ఆ ఫాంట్ ఉంది, ప్యానెల్‌లో లేదు. అన్ని భాషల అక్షరాలకూ వేరువేరు సంఖ్యలిచ్చే యూనికోడ్ పద్ధతిలో అలా కాదు. తెలుగుకు 1991 నుంచే సొంత గడులున్నాయి. 'క' ఎక్కడికెళ్లినా 'క'నే. విండోస్ ఎక్స్‌పీ నాటి గౌతమి, ఇప్పటి నిర్మల, ఆండ్రాయిడ్‌లోని నోటో ఫాంట్లు అన్నీ ఆ పద్ధతివే.

ప్రెస్ గల్లీ · 11:29
నేను డీటీపీ ఆపరేటర్ని. ముసుగు అంటే బాధగా ఉంది. ఈ ఫాంట్లతోనే ఎన్నో ఏళ్లుగా పుస్తకాలు, పెళ్లి పత్రికలు, ప్రశ్నపత్రాలు వేసి మా కుటుంబాలు బతుకుతున్నాయి. మేం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో యూనికోడ్ తెలుగు ఎక్కదు, మేమేం చేయాలి? తప్పు ఫాంట్‌ది కాదు. ప్రింటుకు చేసిన ఫైలును తెర మీద వాడుకోవడమే తప్పు.

లిపి మిత్ర · 11:36
మీ పనిని తక్కువ చేయాలని కాదు అన్నా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క దిద్దుబాటు మాత్రం చెప్పాలి. ఇది ఫాంట్ గొడవ కాదు, ఎన్‌కోడింగ్ గొడవ. ఫాంట్ అంటే అక్షరం రూపం, ఎన్‌కోడింగ్ అంటే అక్షరానికి ఇచ్చిన సంఖ్య.

జడ్పీ మాథ్స్ · 11:40
మన టీచర్లకు ఎన్‌కోడింగ్ అంటే ఎక్కదు సార్. ఫాంట్ సమస్య అంటేనే అర్థమవుతుంది.

లిపి మిత్ర · 11:42
ఇందాక స్మార్ట్ బోర్డు, ఐఎఫ్‌పి వేరు అని చెప్పింది మీరే కదా. ఇదీ అంతే. ఫాంట్ సమస్య అంటే ఇంకో ఫాంట్ వేసుకుని ఇంకో రెండు ఆదివారాలు పోగొట్టుకుంటారు.

వెలుగుబాట · ఉదయం 6:15
ఇప్పుడే చదివాను, అంటే నా ఫోన్ చదివి వినిపించింది. నేను చూపు లేని సోషల్ టీచర్ని. గ్రూపుల్లో ప్రశ్నల నిధులు, యూనిట్ ప్లాన్లు వస్తుంటాయి. యూనికోడ్‌లో ఉంటే స్క్రీన్ రీడర్ తెలుగులో హాయిగా చదువుతుంది. డీటీపీ ఫాంట్లో ఉంటే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల పేర్లు గడగడా చదువుకుంటూ పోతుంది, ఒక్క పదం తెలియదు. పీడీఎఫ్ చేసినా అంతే, కళ్లకు తెలుగు, చెవికి శబ్దం. మా క్లాసులో చూపు తక్కువున్న అమ్మాయి ఉంది. టీచర్లు పంపే నోట్సు తన ఫోన్లో వినలేక ప్రతిసారీ పక్కపిల్లను బతిమాలుకుంటుంది. మేడం, మీ 38 స్లైడ్లను వీలు చిక్కినప్పుడు యూనికోడ్‌లోకి మార్చి పంచండి. మాలాంటి వాళ్లకు అది చాలా పెద్ద సాయం.

నీలిసిరా · 6:40
ఇది నాకెప్పుడూ తట్టలేదండి. తప్పకుండా మారుస్తాను. మళ్లీ మొత్తం టైప్ చేయాలా? ఇంకొకటి, పీడీఎఫ్ చేస్తే కిరణం కదిలే యానిమేషన్లు పోతాయా?

గోదారి గట్టు · 6:48
పోతాయి. వీడియోగా ఎక్స్‌పోర్ట్ చేయండి. లేదా లాప్‌టాప్‌నే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ప్యానెల్‌కు పెట్టండి, అన్నీ ఇంట్లో ఉన్నట్టే వస్తాయి. టచ్ కావాలంటే యూఎస్‌బీ కేబుల్ కూడా కలపాలి.

లిపి మిత్ర · 7:05
అంతా టైప్ చేయక్కర్లేదు. డీటీపీ ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఫాంట్ వెర్షన్ సరిగ్గా ఎంచుకోండి, అది తప్పితే చెత్త వస్తుంది. మార్చాక ఒత్తులు, వట్రసుడి ఒక్కసారి చూసుకోవాలి, తప్పులు అక్కడే దొర్లుతాయి. కొత్తగా రాసేవి ఫోన్లో మాట్లాడి టైప్ చేయించుకోవచ్చు, గూగుల్ కీబోర్డు జీబోర్డుకు తెలుగు బాగానే వస్తుంది.

సుద్దముక్క · 7:20
38ని 12 చెయ్యమ్మా.

నీలిసిరా · మరునాడు సాయంత్రం 5:50
హెచ్‌డీఎంఐ కేబుల్ మా ఆఫీసు రూంలోనే ఉందండి, ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. పెడితే వచ్చింది. పీడీఎఫ్ కూడా వచ్చింది, అది జాగ్రత్తకు దగ్గర ఉంచుకున్నాను. స్లైడ్లు 20కి వచ్చాయి మాస్టారు, ఇంకా తగ్గించడం నా వల్ల కాలేదు. థాంక్స్ అండి అందరికీ.

కొత్త చిగురు · 8:12
ఇదే పోస్టులో అడుగుతున్నాను. మా ప్యానెల్ కుడి పక్కన టచ్ పని చేయడం లేదు. పొద్దున మాత్రమే ఇలా, మధ్యాహ్నం బాగుంటుంది. రీసెట్ చేసినా అదే.

గోదారి గట్టు · 8:15
కిటికీలోంచి ఎండ పడుతోందా దాని మీద?