పెన్‌డ్రైవ్ కొత్తగా వాడుతున్నా, మొదటి నుంచి చెప్తారా?

కొత్తకీబోర్డు:
నమస్కారం అండి. రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. మా అమ్మాయి 64 జీబీ పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ఫోటోలు, కొన్ని పీడీఎఫ్‌లు అందులో దాచుకోవాలని ఆశ. పెట్టగానే తెరమీద ఏదో వచ్చింది, మూసేశాను. ఇప్పుడు అది ఎక్కడుందో కనబడటం లేదు. ఒకసారి కనబడినప్పుడు చూస్తే 64 బదులు 59 లోపే చూపించింది. నకిలీదేమో అని ఒక అనుమానం. మీ అనుభవంలో మొదట ఏం తెలుసుకోవాలో చెప్పండి. నాది విండోస్.

నిదానమే_ప్రధానం:
ముందు అది ఎక్కడుందో చూద్దాం. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట నొక్కిపట్టి ఇ నొక్కండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది. ఎడమవైపు 'దిస్ పీసీ' నొక్కితే కంప్యూటర్ సొంత నిల్వ అయిన సి డ్రైవ్ పక్కన మీ పెన్‌డ్రైవ్ కూడా కనిపిస్తుంది. దానికి డి, ఇ, ఎఫ్ ఇలా ఏదో ఒక అక్షరం ఉంటుంది. ఈరోజు ఇ అని ఉన్నది రేపు ఎఫ్ అని రావచ్చు, కంగారు పడకండి.

ఫోటోలు ఎంచుకుని కంట్రోల్ సి, పెన్‌డ్రైవ్ తెరిచి కంట్రోల్ వి. అంతే. కంట్రోల్ ఎక్స్ మాత్రం ఇప్పట్లో వాడొద్దు. అది కాపీ చేయదు, అక్కడి నుంచి తీసి ఇక్కడ పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ కదిలినా ఏ ఫైలు ఎటు పోయిందో వెతుక్కోవాలి. కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు ఫోటోలు తెరిచి చూసి, కావాలంటే అప్పుడు పాతవి తీసేయండి.

మౌస్‌తో లాగి వేసేవాళ్లకు ఒక మెలిక ఉంది. సి నుంచి పెన్‌డ్రైవ్‌కు లాగితే కాపీ అవుతుంది. అదే పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు లాగితే కాపీ కాదు, ఆ ఫైలే అక్కడికి మారిపోతుంది. "ఫైలు మాయమైంది" అనేవాళ్లలో సగం మందికి జరిగేది ఇదే అని నా నమ్మకం.

లెక్కపక్కా:
59 సంగతి నేను చెప్తా. మీది నకిలీ అనడానికి అది ఆధారం కాదు. తయారీదారు ఒక జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కేస్తాడు. విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కేస్తుంది, అంటే దాదాపు 107 కోట్ల 37 లక్షలు. ఆ లెక్కన 64 జీబీ 59.6 అవుతుంది. లోపలి ఏర్పాట్లకు కాస్త పోతుంది కాబట్టి 58, 59 దగ్గర కనిపించడం మామూలే.

నకిలీవి వేరే రకం. అవి ఎక్కువే చూపిస్తాయి. లోపలి చిప్ చిన్నది, కానీ కంప్యూటర్‌కు పెద్ద అంకె చెప్పేలా మార్చేస్తారు. మొదట పెట్టినవి బాగానే తెరుచుకుంటాయి. అసలు చోటు నిండాక కాపీ అయినట్టే కనబడుతుంది గానీ ఫైళ్లు తెరుచుకోవు. కొందరు 2 టీబీ, అంటే 2000 జీబీ, అని చవగ్గా అమ్మేవి ఎక్కువగా ఇవే. ఖాళీగా ఉన్నప్పుడు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాయించి తిరిగి చదివిస్తే గుట్టు బయటపడుతుంది. పెద్ద డ్రైవ్‌కు గంటలు పడుతుంది, అయినా చేయండి.

గాలిపటం99:
పెన్‌డ్రైవ్ లాగేముందు కంప్యూటర్‌కు చెప్పి తీయాలని అందరూ ఎజెక్ట్ ఎజెక్ట్ అంటారు గానీ నేను ఎప్పుడూ చేయను. పని అయ్యాక లాగేయడమే. ఏమీ కాలేదు.

నిదానమే_ప్రధానం:
@గాలిపటం99 మీకు కాకపోవడానికి కారణం ఉంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, రాసే డేటాను కంప్యూటర్ తన దగ్గర ఆపుకోకుండా వెంటనే పెన్‌డ్రైవ్‌కు పంపేలా ముందే సెట్ చేసి ఇస్తున్నారు. కానీ అది ఆ ఒక్క చోటి మాట. విండోస్ బదులు లినక్స్ అనే వ్యవస్థ ఉన్న కంప్యూటర్‌లో అయితే కాపీ పూర్తయిందని గీత నిండిపోయాక కూడా వెనకాల రాస్తూనే ఉంటుంది. ఆపిల్ వాళ్ల మ్యాక్‌లో లాగేస్తే ముందు ఎజెక్ట్ చేయలేదని హెచ్చరిక వస్తుంది. ఏ కంప్యూటర్‌కు పెడతామో తెలియనప్పుడు ఒకటే అలవాటు ఉంటే మేలు కదా.

కొత్తకీబోర్డు గారూ, కింద కుడివైపు గడియారం పక్కన చిన్న బాణం నొక్కితే పెన్‌డ్రైవ్ బొమ్మ ఉంటుంది. దాని మీద నొక్కి ఎజెక్ట్ అనండి. 'వాడుకలో ఉంది' అని మొరాయిస్తే అందులోని ఫైలు ఏదో ఇంకా తెరిచి ఉన్నట్టు. అన్నీ మూసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ వినకపోతే కంప్యూటర్ షట్‌డౌన్ చేసి తీయండి. స్లీప్‌లో పెట్టి కాదు.

పాతఆల్బమ్:
నేను ఒక్క విషయమే గట్టిగా చెప్తా. పెన్‌డ్రైవ్‌లో "దాచుకోవాలి" అన్నారు. అక్కడే నాకు టెన్షన్. మా బంధువుల్లో ఒకరు పిల్లల ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, చోటు కోసం కంప్యూటర్‌లోవి తీసేశారు. తర్వాత ఒకరోజు పెట్టగానే 'ఫార్మాట్ చేయాలి' అని వచ్చింది. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేయడమని తెలియక సరే అని నొక్కారు. పోయిన ఫైళ్లను వెతికి తెచ్చే రికవరీ ప్రోగ్రామ్‌తో కొన్ని దొరికాయి, పేర్లు తేదీలు అన్నీ కలగాపులగం.

ఆ మాట వస్తే, లోపల మీ ఫైళ్లు ఉన్నంతవరకు ఎప్పుడూ క్యాన్సిల్ అనే నొక్కండి. ఇంకో పోర్టులో (పెన్‌డ్రైవ్ పెట్టే చోటు), ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. రికవరీ చేయాల్సి వస్తే దొరికిన ఫైళ్లను ఆ పెన్‌డ్రైవ్‌లోనే సేవ్ చేయకూడదు, పోయినవాటి మీదే రాసినట్టవుతుంది.

పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికి. ఏళ్ల తరబడి వాడకుండా డ్రాయర్‌లో పడేస్తే లోపల నిలిచిన విద్యుదావేశం మెల్లగా తగ్గి డేటా చెడే అవకాశం ఉంది. ఫోటోల కాపీ ఇంకో చోట కూడా ఉండాల్సిందే.

ఇంకొకటి, పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి విండోస్‌లో మామూలుగా రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టకు వెళ్లవు, నేరుగా పోతాయి. మ్యాక్‌లో దీనికి తలకిందులు. ట్రాష్ ఖాళీ చేసేదాకా పెన్‌డ్రైవ్‌లో చోటు ఖాళీ అవదు.

చిన్నిచిట్కా:
ప్రింట్ కోసం బయట ఇచ్చేవాళ్లు వేరే చిన్న పెన్‌డ్రైవ్ పెట్టుకోండి, అందులో ఆ ఒక్క పీడీఎఫ్ మాత్రమే ఉంచండి. నేను అలాగే చేస్తా. తిరిగొచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తే వాటిని నొక్కొద్దు, నొక్కితే వైరస్ మన కంప్యూటర్‌లోకి రావచ్చు. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. అసలు ఫైళ్లు చాలాసార్లు అక్కడే దాగి ఉంటాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూలో 'హిడెన్ ఐటమ్స్' టిక్ చేస్తే బయటపడొచ్చు.

దారిలో దొరికిన పెన్‌డ్రైవ్ అసలు పెట్టకండి. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు క్యాంపస్‌లో 297 డ్రైవ్‌లు కావాలనే వదిలి చూశారు. దాదాపు సగం వాటిలోని ఫైళ్లను జనం తెరిచారు. 2016లో ఆ వివరాలు ప్రచురించారు.

కొత్తకీబోర్డు:
అందరికీ ధన్యవాదాలు. ఫోటోలు ఎక్కించాను, కంప్యూటర్‌లోవి అలాగే ఉంచాను. ఎజెక్ట్ కూడా వచ్చింది. ఇప్పుడు పెళ్లి వీడియో ఒకటి కాపీ చేస్తుంటే ఫైలు చాలా పెద్దది అంటోంది. ఇంకా 40 జీబీ ఖాళీ ఉంది కదా?

లెక్కపక్కా:
మీ పెన్‌డ్రైవ్ ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉన్నట్టుంది. 'దిస్ పీసీ'లో దాని మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి, ఫైల్ సిస్టమ్ దగ్గర ఉంటుంది. అందులో ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతికి మారిస్తే ఆ ఇబ్బంది ఉండదు, విండోస్, మ్యాక్ రెండింట్లో చదవడం, రాయడం రెండూ కుదురుతాయి. ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో పద్ధతి పెడితే మామూలుగా మ్యాక్ చదువుతుంది గానీ రాయనివ్వదు.

మార్చడం అంటే ఫార్మాట్ చేయడమే, ఉన్నదంతా పోతుంది. ఫోటోలు కంప్యూటర్‌లో ఉన్నాయన్నారు కాబట్టి పర్వాలేదు, పీడీఎఫ్‌లు కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. కుడి క్లిక్, ఫార్మాట్, ఎక్స్‌ఫ్యాట్, స్టార్ట్. నొక్కేముందు డ్రైవ్ అక్షరం మీ పెన్‌డ్రైవ్‌దేనా అని చూడండి.

గాలిపటం99:
టీవీలో చూడటానికైతే ముందు టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో మాన్యువల్‌లో చూడండి. పాత టీవీలు కొన్ని ఫ్యాట్32 తప్ప చదవవు. అప్పుడు ఫార్మాట్ జోలికి పోకుండా వీడియోనే రెండు ముక్కలు చేసుకోవడం తేలిక. కాపీ చేసేటప్పుడు కంప్యూటర్‌కు నీలం రంగు పోర్టు ఉంటే అందులో పెట్టండి, సాధారణంగా అది వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3 రకం. పెన్‌డ్రైవ్ కూడా 3 అయితేనే తేడా తెలుస్తుంది.

కొత్తకీబోర్డు:
ఫ్యాట్32 అనే ఉంది. టీవీ మాన్యువల్‌లో ఎక్స్‌ఫ్యాట్ పేరు కూడా కనిపించింది. పీడీఎఫ్‌లు కంప్యూటర్‌కు కాపీ చేస్తున్నాను, అయ్యాక ఫార్మాట్ చేస్తా.