చిత్రిక నోట్లో పొట్టు ఇరుక్కుంటోంది, బ్లేడు మార్చాలా?

ప్రశ్న: పని మానేసిన ఒక పెద్దాయన దగ్గర చెక్కను నునుపు చేసే పాత చెక్క చిత్రిక కొన్నాను (మా వైపు రంధా అంటాం). చేతి మీద వెంట్రుకలు తెగేంత పదును పెట్టాను. టేకు మీద బాగానే నడుస్తోంది. వేప పలక మీదకి వచ్చేసరికి పొట్టు నోట్లో (అడుగున బ్లేడు బయటికొచ్చే సందులో) కూరుకుపోతోంది, అక్కడక్కడ నార లేచి గుంటలు పడుతున్నాయి. కొత్త బ్లేడు కొనాలా?

జవాబు: కొనకు తమ్ముడూ, వెంట్రుకలు తెగే పదును చాలు. నీ చిత్రికకున్నవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు పొట్టు సంగతి. బ్లేడునీ, దాని మీద స్క్రూతో బిగించే పై రేకునీ కలిపి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు. రెండూ కలిసేచోట సన్నటి వెలుగు గీత కనిపిస్తే పొట్టు దూరేది అక్కడే. రేకు తోక వైపు కాస్త దించి పట్టుకుని అంచును సానరాయి మీద రుద్దు. కొస ఒక్కటే బ్లేడుకి తగలాలి, వెనక ఖాళీ ఉండాలి. బ్లేడును బిగించి పట్టే చెక్క చీల కాళ్ళు కూడా చూసుకో. వాటి కొసలు మొద్దుగా ఉంటే పొట్టు బయటికి రాదు, ఉలితో పల్చన చెయ్యి.

ఇక గుంటలు. వేపలో నార ఒక పొర ఇటు, ఒక పొర అటు తిరిగి ఉంటుంది. ఎటు నుంచి తోసినా ఎక్కడో ఒకచోట ఎదురే. అందుకే పై రేకును బ్లేడు అంచుకి అర మిల్లీమీటరు లోపుకి జరుపు. పొట్టు లేచిన వెంటనే వంగి విరుగుతుంది, ముందున్న చెక్కను చీల్చుకుంటూ పోదు. మొదటి గరుకు పనికైతే ఒకటిన్నర మిల్లీమీటరు పెట్టుకో. రేకు దగ్గరికి తెచ్చాక నోరు మరీ ఇరుకుగా ఉన్నా పొట్టు కదలదు, అది గుర్తుంచుకో.

ప్రశ్న: థ్యాంక్స్ అన్నా, ఇరుక్కోవడం పోయింది. కానీ తోస్తుంటే దడదడమని అదురుతోంది. పొట్టు ఒక పక్క మందంగా వస్తోంది.

మరొకరి జవాబు: అదురుతోందంటే బ్లేడు కింద సరిగ్గా ఆనడం లేదు. బ్లేడు వెనక పెన్సిల్ నుసి రాసి, బిగించి, విప్పి చూడండి. మరక చిత్రిక లోపల బ్లేడు ఆనే చెక్క మీద అడుగున, నోటి దగ్గర పడాలి. పైనే పడితే ఆ ఎత్తును కొద్దికొద్దిగా గీకేయండి. ఒక పక్క మందానికి మందు తేలికే: అంచు ఏ పక్క ఎక్కువ బయటికొచ్చిందో, బ్లేడు తలను అదే పక్క నుంచి చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. లోతు పెరగాలంటే బ్లేడు తల మీద, తగ్గాలంటే చిత్రిక వెనక మడమ మీద తట్టాలి. మడమ మీద తడితే చీల వదులవుతుంది కాబట్టి మళ్ళీ ఒక చిన్న దెబ్బ వెయ్యండి. గట్టిగా బాదితే మాత్రం చిత్రిక బుగ్గలు (చీలకి అటూ ఇటూ ఉన్న పక్క గోడలు) చీలతాయి, ఆ తర్వాత పొయ్యిలోకే!

వానాకాలంలో చిత్రిక అడుగు కూడా వంకర పోతుంది. అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్దేటప్పుడు బ్లేడును లోపలికి లాగి, చీల బిగించే ఉంచండి. ఆ బిగువుకి అడుగు కొంచెం మారుతుంది, అందుకని. అడుగుకి కొవ్వొత్తి రెండు గీతలు చాలు. నూనె పూయకండి, అది పలకకి అంటితే పాలిష్ పట్టదు.