‘భూమిపై’ ఎటువైపు?

బుగ్గవంక: మా తెలుగు అయ్యవారి పదవీ విరమణ సభలో ఒక పెద్దాయన పోతన భాగవతంలో బలి చక్రవర్తి అనే "కారే రాజులు" పద్యం ఎత్తుకుని, "సిరి మూటఁగట్టుకొని పోవంజాలిరే భూమిపైఁ బేరైనం గలదే" అన్నచోట ‘భూమిపై’ దగ్గర ఆపి ఊపిరి తీసుకున్నారు. అప్పట్నుంచి ఆ ‘భూమిపై’ నన్ను వదలడం లేదు. అది సిరి మూట గట్టుకుని పోగలిగారా అనే ముందు మాట వైపా, "పేరైనం గలదే" (పేరైనా మిగిలిందా) అనే తర్వాతి మాట వైపా? నా మనసు రెండోదానికే. మనిషి పోయినాక ఇక్కడ నిలిచేదేమిటన్నదే కదా బలి అడిగేది!

పెన్న ఒడ్డు: రెండోదే సార్. పోయేది భూమి విడిచి, భూమిపై కాదు. "భూమిపైఁ బేరైనం" అని బకారం పలకడంలేదా? రెండూ అతుక్కున్నట్టే.

పాలకొండ: బకారం సాక్ష్యం చెల్లదన్నా. ద్రుతం (మాట చివరి నకారం) మీద పరుషం సరళమయ్యేదానికి, అంటే ఇక్కడ ‘పే’ ‘బే’ అయ్యేదానికి, అన్వయంతో పనిలేదు. అసలు చిక్కు ఆ పద్యంలోనే తర్వాత వచ్చే ‘యశఃకాములై’ (కీర్తి కోరి) దగ్గరుంది. శిబి కూడా పేరు కోరే ఇచ్చినాడు. ఇంక ఆ రాజులకూ ఆయనకూ తేడా ఏంది?

పెన్న ఒడ్డు: ఇచ్చినాడు, అదే తేడా. "ఈరే కోర్కులు" (కోరినవి ఇవ్వలేదా) చదవప్పా. మన వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా అడిగి ఒంటిమిట్ట రామాలయాన్ని నిలబెట్టినారు. ఆ చిప్ప మీద శతకమే చెప్పినారు. అడిగింది తనకోసమా?

తాళ్లపాక దారి: పేరు వేరు, పని వేరు. అన్నమయ్య 1408లో పుట్టి 1503 దాకా ఉన్నారు, 95 ఏళ్లు. నిండు ఆయుష్షే. కానీ ఆ పదాల రాగిరేకులు తిరుమలలో ఎవరికీ పట్టకుండా ఉండిపోయి 1922లో గానీ బయటికి రాలేదు. అన్నాళ్లూ ఆయన పదం పాడినవాళ్లెందరు? రేకు మీద గీసిన అక్షరం మాత్రం అట్లనే ఉంది. నాకైతే అదే దీర్ఘాయువు.

బుగ్గవంక: బాగా చెప్పినారు. మనుజేశ్వరాధములకు (నీచులైన రాజులకు) కృతి ఇయ్యనన్న కవి నోటనే "కారే రాజులు" వచ్చింది చూడండి. ఒంటిమిట్ట గాలి తగిలిన మాట అది.

పాలకొండ: పోతన ఊరు బమ్మెర ఓరుగల్లు పక్కన ఉంది సార్.

పెన్న ఒడ్డు: పోతన ఊరని చెప్పే ఏకశిలానగరం ఒంటిమిట్టే. ఒక్క శిలలోనే సీతారామలక్ష్మణులున్న గుడి ఇంకెక్కడుంది?

పాలకొండ: ఓరుగల్లునూ ఏకశిల అనే అన్నారన్నా. ‘భూమిపై’కి వస్తే నాది మొదటి పక్షమే. సిరి భూమిపైనే ఉండిపోయిందన్న ధ్వని ఉండాలంటే ఆ మాట ‘పోవంజాలిరే’కి ఆనుకునే ఉండాల.

తాళ్లపాక దారి: అప్పుడు పేరు ఎక్కడ లేకుండా పోయినట్టు?