ఫ్లానన్ దీవుల దీపస్తంభానికి పడవలో వెళ్లడం గురించి

ప్రశ్న: స్కాట్లండ్‌లోని లూయిస్ దీవికి పశ్చిమాన సుమారు 32 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఫ్లానన్ దీవులలోని ఐలన్ మోర్ అనే నిర్జన ద్వీపానికి వచ్చే జూన్‌లో వెళ్లాలనుకుంటున్నాము. అరవై దాటిన మా నాన్నగారు కూడా వస్తారు. దిగి దీపస్తంభం వరకు నడవగలమా?

మొదటి జవాబు: అక్కడ రేవు లేదండి. రాతిని తొలిచిన మెట్ల దగ్గరికి పడవ చేరి, అల పైకి లేచిన క్షణంలో ఒక్కొక్కరూ అడుగు వేయవలసి ఉంటుంది కాబట్టి, గాలి లేకపోయినా దూరపు తుపాను రేపిన అలలు ఉంటే సరంగు దిగనివ్వడు. తూర్పున, పడమర రెండు చోట్ల దిగే వీలుంది. మోకాళ్ల నొప్పులుంటే నాన్నగారిని పడవలోనే ఉండమనడం మంచిది. పఫిన్ పక్షులు అక్కడినుంచి కూడా బాగా కనిపిస్తాయి.

రెండవ జవాబు: 23 మీటర్ల ఆ స్తంభంలో దీపం తొలిసారి వెలిగింది 1899 డిసెంబరు 7న. ఏడాది తిరగగానే, 1900 డిసెంబరులో, ముగ్గురు కాపలాదారులు అదృశ్యమయ్యారు. సగం తిన్న భోజనం బల్లమీద ఉందన్న మాట తర్వాత ఒక కవి అల్లినది. నిజానికి వంటగది శుభ్రంగా ఉంది. పడమటి దిగుడుచోటులో మాత్రం సముద్రమట్టానికి 30 మీటర్లకు పైన ఉంచిన తాళ్ల పెట్టె పగిలిపోయింది. 1971 నుంచి దీపం తనంతట తానే వెలుగుతోంది, కాబట్టి లోపలికి వెళ్లగలమని ఆశించకండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. వాతావరణం కోసం ఒక రోజు అదనంగా ఉంచుకుంటాము.

మొదటి జవాబు ఇచ్చినవారు: మూడు రోజులు ఉంచుకోండి.