అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్‌లో హెన్రీ రాలిన్స్ కంటే ముందు పాడిందెవరు?

డప్పుకర్ర: ‘డ్యామేజ్‌డ్’ ఆల్బమ్ విన్నప్పటి నుంచి ఈ బ్యాండ్ పిచ్చి పట్టుకుంది నాకు. నిన్న వాళ్ల మొదటి ఈపీ (కొద్ది పాటల చిన్న రికార్డు) ‘నర్వస్ బ్రేక్‌డౌన్’ పెట్టా. నాలుగు పాటలూ కలిపి ఐదు నిమిషాలు, అంతే! గొంతు మాత్రం రాలిన్స్‌ది కాదు. ఎవరిది?

పాత క్యాసెట్: కీత్ మోరిస్‌ది. 1976లో కాలిఫోర్నియాలోని హెర్మోసా బీచ్‌లో గిటారిస్ట్ గ్రెగ్ గిన్, ఇతనూ కలిసి మొదలుపెట్టారు. అప్పట్లో పేరు పానిక్. ఆ పేరుతో ఇంకో బ్యాండ్ ఉందని మార్చుకున్నారు. కొత్త పేరూ, ఆ నాలుగు నల్ల పట్టీల బొమ్మా గిన్ తమ్ముడు రేమండ్ పెట్టిబాన్ చలవే. ఈపీ 1978 జనవరిలో రికార్డ్ చేస్తే 1979లో గానీ బయటికి రాలేదు. అదీ గిన్ సొంతంగా ఎస్ఎస్‌టీ అనే రికార్డు కంపెనీ పెట్టుకున్నాక. అంతకుముందు అదే పేరుతో రేడియో సామాన్లు అమ్మేవాడు!

1979లో మోరిస్ వెళ్లిపోయి సర్కిల్ జెర్క్స్ అనే బ్యాండ్ పెట్టుకున్నాడు. తర్వాత రాన్ రేయెస్. ఇతనిది సినిమా కథే. 1980లో రెడాండో బీచ్‌లో షో మధ్యలో స్టేజీ దిగి వెళ్లిపోయాడు. పెళ్లిలో డోలువాడు అలిగినా సన్నాయి ఆగదు కదా, వీళ్లూ ఆపలేదు. ‘లూయీ లూయీ’ ఒక్కటే సాగదీస్తూ, జనంలోంచి ఎవరొస్తే వాళ్లచేత పాడించారు. తర్వాత రేయెస్ తిరిగొచ్చి ‘జెలస్ అగైన్’ ఈపీకి పాడి పెట్టాడు. కవర్ మీద మాత్రం అతని పేరుకి బదులు ఓ బూతు తిట్టు వేశారు. ఇది నాకిప్పటికీ నచ్చదు.

మూడోవాడు డెజ్ కడేనా. గొంతు పోతోంది, గిటార్ వాయిస్తానన్నాడు. 1981లో న్యూయార్క్ షోకి వాషింగ్టన్ నుంచి ఐస్‌క్రీమ్ షాపులో పనిచేసే ఇరవయ్యేళ్ల కుర్రాడొచ్చి, స్టేజీ ఎక్కి ఓ పాట అందుకున్నాడు. వాడే మీ రాలిన్స్.

డప్పుకర్ర: అంటే నాలుగోవాడా! మరి డ్రమ్మర్లు?

మధ్యాహ్నం షిఫ్ట్: ఆ లెక్క అడక్కు తమ్ముడూ. ‘డ్యామేజ్‌డ్’లో వాయించిన రోబో అనేవాడిది కొలంబియా. 1981 చివర్లో ఇంగ్లండ్ టూర్‌కెళ్లి, వీసా చిక్కుతో వెనక్కి రాలేకపోయాడు. ఆపైన చక్ బిస్కెట్స్, బిల్ స్టీవెన్‌సన్... నా ఓటు మాత్రం మోరిస్‌కే, రాలిన్స్ అభిమానులు తిట్టుకున్నా సరే.

పాత క్యాసెట్: బేస్ గిటార్ సంగతి మరిచావు. 1984లో వచ్చిన ‘మై వార్’ ఆల్బమ్ మీద బేస్ వాయించింది డేల్ నిక్సన్ అని ఉంటుంది. ఎవరబ్బా ఈయన, ఇంకే బ్యాండ్‌లో వాయించాడని రెండేళ్లు వెతికా. తీరా చూస్తే గిన్నే! మనిషి దొరక్క తనే వాయించి మారుపేరు పెట్టుకున్నాడు.