ఎదురొచ్చే బైకర్ పలకరిస్తే ఎలా బదులివ్వాలి?

బైక్ నడపడం మొదలుపెట్టి మూడు నెలలే అయింది. నిన్న మలుపులో ఎదురొచ్చిన ఒకాయన చేయెత్తి పలకరించారు. అప్పుడే గేరు తగ్గిస్తున్నాను, ఎడమచేతి వేళ్లు క్లచ్ మీదే ఉండిపోయాయి. బదులివ్వలేకపోయాను. పొగరు అనుకున్నారేమోనని ఇప్పటికీ బాధగానే ఉంది.

కుడిచెయ్యి యాక్సిలరేటర్‌నీ ముందు బ్రేకునీ వదలకూడదు కాబట్టే ఎడమచేత్తో పలకరిస్తారని తెలుసు. కానీ రోడ్డుకి ఎడమవైపు నడిపేచోట ఆ చెయ్యి ఎదుటివాళ్లకి అవతలి పక్కన ఉంటుంది కదా, సరిగ్గా కనబడదు. తల ఊపితే చాలా? హెల్మెట్‌లో అది తెలుస్తుందా?

ఇంకొకటి. దారి పక్కన బండి ఆగిపోయి ఎవరైనా కనిపిస్తే వేగం తగ్గించి, బొటనవేలు ఎత్తి "అంతా ఓకేనా" అన్నట్టు చూపిస్తున్నాను. ఒంటరిగా ఉన్నవాళ్లు కంగారుపడకుండా ఎంత దూరంలో ఆపాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.